ఇంటర్నెట్ టెలిఫోను మేలుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదివిన ప్రసంగపాఠము)



గ్రామములనుండి హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రములు దాటి అమెరికాకో ఉద్యోగములకు వెళ్లిన పిల్లల బల్లలపై నల్లని టెలిఫోను ఒకటి ఉండుట కలదు. చూపునకు అది పాత టెలిఫోనువలెనే ఉండును. చెవియొద్ద పెట్టుకొను రిసీవరు, అంకెల మీటలు, పైన చిన్న అద్దపు తెర, వెనుక ఒక తీగ. కాని ఆ తీగ టెలిఫోను ఎక్స్ఛేంజికి పోదు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలుపు తీగలలో అదియును ఒకటి. దానిని ఊడదీసి మరల తగిలించినచో యంత్రము వెంటనే పలుకదు. దీపములు వెలిగి ఆరును. తెరపై ఏవేవో అక్షరములు వచ్చి పోవును. ఒక నిమిషమో రెండు నిమిషములో గడచిన పిమ్మట గాని తన నంబరును చూపదు. ఆ కొద్ది కాలములో అది ఏమి చేయుచున్నదన్నదే నేటి ప్రసంగ విషయము.

పాత టెలిఫోనుకు ఈ శ్రమ లేదు. దాని నంబరు యంత్రమునకు చెందినది కాదు, తీగకు చెందినది. ఎక్స్ఛేంజిలో ఆ తీగ ఏ చోట వచ్చి కలియునో ఆ చోటునకే నంబరు. ఈ చివర ఏ యంత్రమును తగిలించినను నంబరు మారదు. మాటకు కావలసిన విద్యుత్తు సైతము ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుండి 48 వోల్టుల చొప్పున ఆ తీగ వెంటనే వచ్చెడిది. అందుచేతనే ఊరిలో కరెంటు పోయి దీపములన్నియు ఆరినను తపాలా కార్యాలయములోని టెలిఫోను మ్రోగుచుండెడిది. పెద్దలకిది జ్ఞాపకముండును.

క్రొత్త యంత్రమున కట్టి పుట్టుక హక్కు ఏదియు లేదు. తగిలించిన క్షణమున దానికి విద్యుత్తు లేదు, చిరునామా లేదు, నంబరు లేదు, గడియ ఎంతైనదో తెలియదు, తాను ఏ ఊరిలో ఉన్నదో అంతకన్న తెలియదు. వీనిలో ప్రతిదానిని ఇరుగుపొరుగుల నడిగి సంపాదించుకొనవలెను. దాని పేరు తీగలో లేదు. ఎచటనో ఎవరో ఉంచిన రిజిస్టరులో ఉన్నది. ఆ రిజిస్టరులో తన పేరు ఎక్కించుకొనుటకే ఈ రెండు నిమిషముల పాటు అంతయు.

మొదటిది విద్యుత్తు. ఆ టెలిఫోను తీగ గోడలోనుండి పోయి ఒక ఇనుప పెట్టెలో కలియును. దానిని స్విచ్చి అందురు. ఇది దీపము వేయు స్విచ్చి కాదు. ఇరువది నాలుగో నలుబది ఎనిమిదో తీగలు వచ్చి చేరి, ఒక తీగపై వచ్చిన సమాచారమును చేరవలసిన తీగమీదికి పంపు పెట్టె. అదియే టెలిఫోనుకు కరెంటును గూడ ఇచ్చును. అయితే తీగ తగిలించినంతనే ఇవ్వదు. అదే రంధ్రములో ఒకరు కంప్యూటరును తగిలించవచ్చును. ఈ విధముగ వచ్చు కరెంటు కొరకు నిర్మింపబడని వస్తువుమీదికి 48 వోల్టులను వదలుట ప్రమాదము గదా! కావున స్విచ్చి ముందుగా 10 వోల్టులకు మించని స్వల్పమైన విద్యుత్తును పంపి పరీక్షించును. అవతల సుమారు 25,000 ఓముల నిరోధము కనబడినచో, "ఇది తీగనుండి కరెంటును గ్రహించు యంత్రమే" యని నిశ్చయించుకొని అప్పుడు పూర్తి విద్యుత్తును విడుచును. 2003లో ఏర్పడిన ప్రమాణము ప్రకారము స్విచ్చి ఒక్కొక్క తీగపై 15.4 వాట్ల వరకు ఇచ్చును. త్రోవలో తరుగు పోగా యంత్రమునకు చేరునది 12.95 వాట్లు. చిన్న బల్బునకు చాలునంత ఆహారముతో ఈ యంత్రము బ్రదుకును.

కరెంటు రాగానే లోపలి యంత్రగణకము మేలుకొనును. మేలుకొన్నంత మాత్రమున దానికి టెలిఫోను విద్య తెలియదు. మార్చుటకు వీలులేకుండ చెక్కబడిన చిన్న ఉపదేశము ఒకటి దానిలో ఉండును. ఆ ఉపదేశము చేయు పని యొక్కటే: భాండాగారములో భద్రపరచిన పెద్ద ఉపదేశమును తెచ్చి జ్ఞాపకశక్తిలో నింపుట. నింపుటకు ముందు ఆ పెద్ద ఉపదేశముపై తయారుచేసినవారి ముద్ర సరిగా ఉన్నదో లేదో మంచి యంత్రములు చూచుకొనును. ముద్ర చెడినచో ముందుకు సాగవు. పట్టుబడి జరుగు కాలములో తెరపై కంపెనీ గుర్తు మాత్రమే కనబడును గనుక, చూచువారు యంత్రము చెడినదని తొందరపడి తీగను మరల ఊడదీయుట కద్దు. అట్లు చేసినచో పని మొదటికి వచ్చును.

పిమ్మట యంత్రము తన పొరుగువానిని పలుకరించును. పొరుగువాడు స్విచ్చియే. ఈ పలుకరింపునకు ప్రత్యేకమైన మర్యాద యున్నది, దానిని ఎల్.ఎల్.డి.పి. అందురు. "నేను ఫలానా జాతి టెలిఫోనును" అని యంత్రము చెప్పును. "టెలిఫోనుల కొరకు ఈ కార్యాలయములో ఫలానా అంకె గల పాయ ఉన్నది, నీ మాటలకు ఆ అంకెను తగిలించి పంపుము" అని స్విచ్చి చెప్పును. ఈ సంభాషణ ఆ యిద్దరి మధ్యనే నిలుచును. మూడవ ఇంటికి పోదు.

ఈ పాయ ఎందుకన్నచో, సాధారణముగా ఉద్యోగి కంప్యూటరు తీగ గూడ టెలిఫోను వెనుకనే వచ్చి తగులును. గోడలో ఒక్క తీగయే. దానిపై మాటలును కాగితములును కలిసి పోవలెను. ఒకే కాలువనీరు ఒకప్రక్క మాగాణికిని మరొకప్రక్క మంచినీటి చెరువునకును పోవునప్పుడు మధ్య గట్టు వేయరా, అట్లే. గట్టు ఇచ్చట మట్టిది కాదు, ఒక అంకె. ప్రతి సమాచారపు పొట్లమునకు నాలుగు అక్షరములంత చీటి అంటించి అందులో ఆ అంకె వ్రాయుదురు. ఆ అంకెలు 4094 వరకు ఉండవచ్చును. ఆ చీటిలోనే తొందరను తెలుపు గుర్తుకూడ ఉండును. సర్వసాధారణముగా మాటకు 5 వేయుదురు. పెద్ద ఉత్తరము ఒక క్షణము ఆలస్యముగా వచ్చినను నష్టము లేదు, మాట మధ్యలో క్షణము తెగినచో అర్థమే మారును.

ఇప్పుడు చిరునామా. ఈ ఘట్టము నెమ్మదిగా వినదగినది.

యంత్రమునకు తయారైననాడే ఒక సంఖ్య పెట్టబడియుండును. అది పండ్రెండు గుర్తుల సంఖ్య. అందలి మొదటి యారు గుర్తులు తయారుచేసిన సంస్థవి, మిగిలిన యారు ఆ యంత్రమునకు వేరుగా ఇచ్చినవి. ఇది పుట్టుమచ్చవంటిది. మనిషిని గుర్తించుటకు పనికివచ్చును గాని ఉత్తరము చేర్చుటకు పనికిరాదు. "ఎడమ భుజముపై పుట్టుమచ్చ గల వానికి" అని వ్రాసిన ఉత్తరమును ఏ తపాలా బంట్రోతు చేర్చగలడు? కావున వీధి, ఇంటి నంబరు గల చిరునామా కావలయును. దాని నిచ్చు అధికారికి డి.హెచ్.సి.పి. సర్వరని పేరు. 1997లో స్థిరపడిన నియమము ప్రకారము ఈ వ్యవహారమంతయు నాలుగు మాటలలో ముగియును.

యంత్రమునకు తన చిరునామాయే కాదు, ఆ అధికారి చిరునామాయు తెలియదు. కావున దండోరా వేయును. "అయ్యా, ఫలానా పుట్టుమచ్చ గలదానను, ఇచ్చట చిరునామా లిచ్చువారెవరైన ఉన్నారా?" అని ఆ పాయలోనివారందరును వినునట్లు అరచును. పంపినవారి చిరునామా వ్రాయవలసిన చోట నాలుగు సున్నలు మాత్రమే వ్రాయును. తనకేమియు లేదని ఒప్పుకొనుట అది. అధికారి విని, తన రిజిస్టరులో ఖాళీగానున్న చిరునామాను చూచి, "ఇది తీసికొందువా?" అని జవాబు చెప్పును. యంత్రము మరల దండోరా వేసి, "ఫలానావారు ఇచ్చిన ఫలానా చిరునామాను తీసికొనుచున్నాను" అని అడుగును. జవాబు ఒక్కరికి చెప్పక రెండవమారును దండోరా వేయుట ఎందుకని ఎవరికైన తోచవచ్చును. ఇద్దరు అధికారులు ఉండి ఇద్దరును చిరునామాలు ఇవ్వజూపియుండవచ్చును. తీసికొనబడనివారు తమదానిని మరల ఖాళీలలో వేసికొనుటకు వినబడవలెను గదా! తుదకు అధికారి "సరే" అని ఖాయపరచును.

ఈ ఇచ్చుట శాశ్వతముగా కాదు. ఇది కౌలు. ఆంగ్లములోను దీనికి వాడు మాట కౌలు అన్న అర్థము కలదియే. గడువు ఎనిమిది గంటలు కావచ్చును, ఎనిమిది దినములు కావచ్చును. అది కార్యాలయము ఇష్టము. గడువులో సగము గడచినంతనే కౌలుదారు తానుగా వచ్చి పొడిగింపు కోరవలెను. అధికారి పలుకనిచో ఎదురుచూచును. ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు గడచిపోయినను జవాబు రానిచో ఏ అధికారియైన సరే యని మరల దండోరాకు దిగును. గడువు తీరినచో ఆ చిరునామాను విడువవలసినదే. భూమి కౌలులో ఇంత క్రమముగా సగము గడువుననే వచ్చి అడుగువారు అరుదు.

పత్రము చేతికి వచ్చిన పిదపను తెలివిగల యంత్రము ఒక జాగ్రత్త పడును. "ఈ చిరునామా ఎవరివద్దనైన ఉన్నదా?" అని చుట్టును ఒకసారి అడుగును. ఎవరైన "నాది" అన్నచో దానిని త్రోసిపుచ్చి మరల మొదటినుండి అడుగును. ఒకే సర్వే నంబరుపై రెండు పట్టాలు పుట్టినచో కలుగు గొడవ గ్రామస్థులకు తెలియనిది కాదు.

ఇంత ఏర్పాటు ఉండియు ఇందులో ఒక లోపమున్నది. దండోరాకు మొదట జవాబు చెప్పినవాడు నిజమైన అధికారియో కాదో యంత్రమునకు తెలిసికొను సాధనము లేదు. సాధారణముగా మొదట వచ్చిన జవాబునే నమ్మును. ఉద్యోగి యొకడు ఇంటిలో వాడు ఇంటర్నెట్ పెట్టెను తెచ్చి, దురుద్దేశము లేకయే, కార్యాలయపు గోడలోని రంధ్రములో తగిలించెననుకొనుడు. ఆ పెట్టెకు చిరునామాలు పంచు అలవాటున్నది. అధికారికన్న ముందుగా అదియే జవాబు చెప్పును. టెలిఫోనులు ఒకటొకటిగా దాని మాట విని ఎచటికిని పోని చిరునామాలను స్వీకరించి మూగబోవును. దురుద్దేశమే ఉన్నచో మాట లన్నియు తనగుండ పోవునట్లు చేసికొని వినవచ్చును. దీనికి విరుగుడు స్విచ్చి చేతిలో ఉన్నది. "చిరునామా లిచ్చు మాటలు ఈ ఒక్క రంధ్రమునుండి వచ్చినచో విడువుము, తక్కిన రంధ్రములనుండి వచ్చినచో ఆపివేయుము" అని దానికి ముందే చెప్పియుంచవచ్చును. చెప్పియుంచని కార్యాలయములు లేకపోలేదు.

చిరునామాతో పాటు అధికారి మరికొన్ని సంగతులను గూడ తెలుపును: వెలుపలికి పోవు వాకిలి ఏది, పేరు చెప్పినచో చిరునామా చెప్పువారెవరు మొదలగునవి. వానిలో టెలిఫోనునకు ముఖ్యమైనది 66వ అంకె క్రింద వచ్చు సమాచారము. "నీకు సంబంధించిన కాగితము ఫలానా చోట ఉన్నది, పోయి తెచ్చుకొనుము" అని దాని తాత్పర్యము. యంత్రము అచటికి పోయి తన పుట్టుమచ్చ సంఖ్య పేరుతో ఉన్న కాగితమును అడుగును. అందులో దాని నంబరు, యజమాని పేరు, ఏ మీట ఏ పని చేయవలెనన్నది, సంకేతపదము, ఏ అంకెలు నొక్కినచో ఏమి చేయవలెనన్నది, అన్నియు వ్రాసియుండును.

ఈ కాగితమును తెచ్చుటకు మొదటినుండి వాడుకలో ఉన్న పద్ధతికి టి.ఎఫ్.టి.పి. యని పేరు. 1981 నాటికే నియమముగా వ్రాయబడినది. కాగితమును 512 అక్షరముల ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్క ముట్టినదని రసీదు వచ్చిన తరువాతనే మరియొక ముక్కను పంపుట దాని విధానము. సులభమైనది, చిన్న యంత్రములకు అనువైనది. కాని అడిగినవాడెవడని అది అడుగదు. అదే పాయలో ఉన్నవాడెవడైనను పుట్టుమచ్చ సంఖ్యను చెప్పి కాగితమును తీసికొనవచ్చును; సంకేతపదము అందులోనే ఉన్నది. తాళమును తలుపునకే వ్రేలాడదీయుటకు దీనికి భేద మేమి? కావున ఇప్పుడు జాగ్రత్తపరులు ముద్రయు గోప్యతయు గల హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతిని వాడుచున్నారు.

ఆ పద్ధతిలోను ఒక చిక్కు కలదు. కాగిత మిచ్చువారు తాము నిజమైనవారమని ఒక ధ్రువపత్రమును చూపుదురు. దానిపై ఫలానా దినమునుండి ఫలానా దినమువరకు చెల్లునని వ్రాసియుండును. అప్పుడే మేలుకొన్న టెలిఫోనుకు ఇది ఏ దినమో తెలియదు. లోపల కాలమును నిలుపు చిన్న బ్యాటరీ లేని యంత్రములు అనేకము. అవి లేవగానే ఎన్నడో గడచిపోయిన ఒక తేదీని ఈనాటి తేదీగా భావించును. అట్టి యంత్రము ఆ ధ్రువపత్రమును చూచి, "ఇది యింకను అమలులోనికి రాలేదు" అని త్రోసివేయును! కావున ముందు గడియారమును సరిదిద్దుకొనవలెను. కాలమును చెప్పుటకును ప్రత్యేకముగా సర్వరులున్నవి. వాని భాషకు ఎన్.టి.పి. యని పేరు. 1985నుండి ఇది వాడుకలో నున్నది. తేదీ తప్పుటచేత టెలిఫోను పలుకదని చెప్పినచో చాలమందికి నమ్మకము కలుగదు. ముహూర్తబలము లేనిదే పని సాగదను వారికి మాత్రము ఇది సంతోషకరమైన వార్త.

తెచ్చిన కాగితములో అంకెల పద్ధతి అన్న భాగమొకటి ఉన్నదంటిమి గదా. వెలుపలివారితో మాటలాడవలెనన్నచో ముందుగా 9 గాని 0 గాని నొక్కవలెనను నియమము అనేక కార్యాలయములలో, వసతిగృహములలో ఉన్నది. ఈ చిన్న నియమము ఒక ప్రాణము తీసినదని చెప్పినచో అతిశయోక్తి కాజాలదు. 2013 డిసెంబరులో అమెరికా దేశమందు టెక్సాసు రాష్ట్రమున మార్షల్ అను పట్టణములో ఒక వసతిగృహపు గదిలో కారీ హంట్ అను స్త్రీ హత్యకు గురియైనది. అప్పుడు తొమ్మిదేండ్ల ఆమె కుమార్తె ఇంటిలో పెద్దలు నేర్పినట్లే రక్షకుల నంబరైన 911ను నాలుగుమార్లు నొక్కినది. ఒక్కమారును పిలుపు పోలేదు. ముందు 9 నొక్కవలెనని ఆ బిడ్డ కెవరును చెప్పలేదు. ఆ తల్లి పేరుమీదనే 2018లో అమెరికాలో ఒక శాసనము వచ్చినది. బహుళ టెలిఫోనులు గల ఏర్పాటులలో 911ను ఏ అంకెయు ముందుంచక నేరుగా నొక్కగలిగి యుండవలెనని దాని విధి. 2020 ఫిబ్రవరి తరువాత అమర్చిన క్రొత్త ఏర్పాటులకు అది వర్తించును. ఆ బాలిక చేతిలోని యంత్రము చెడలేదు, తీగ తెగలేదు. అంకెల పద్ధతిని ఏర్పరచినవారికి ఆపదలో నున్న పసిపిల్ల స్ఫురింపలేదు.

భారతదేశములో అత్యవసరమునకు 112 నంబరు ఉన్నది. కార్యాలయములలో పనిచేయు పిల్లలు తమ బల్లపైనున్న టెలిఫోనునుండి 112 నేరుగా పోవునో, ముందు 0 నొక్కవలెనో ఒకసారి తమ ఆఫీసులో ఆ పని చూచువారిని అడిగి తెలిసికొనుట మంచిది. అడుగుటకు ఒక నిమిషము చాలును.

ఇక కడపటి ఘట్టము, రిజిస్టరు. టెలిఫోనులకు పెద్ద యైన సర్వరు కడకు యంత్రము పోయి, "214వ నంబరు నేనే. 214 కావలయునన్నవారిని ఈ చిరునామాకు పంపుడు" అని విన్నవించుకొనును. ఈ విన్నపమునకు మర్యాదలు సిప్ అను నియమావళిలో ఉన్నవి. అది 1999లో మొదటిసారి ప్రకటింపబడి, 2002లో సంస్కరింపబడినది. మొదటి విన్నపమును సర్వరు తిరస్కరించును. 401 అను అంకెతో "నీకు అధికారము లేదు" అని జవాబు వచ్చును. క్రొత్తగా ఈ పని నేర్చుకొనువారు దీనిని చూచి బెదరుదురు గాని ఇది తప్పిదము కాదు; మర్యాదలో భాగము. ఆ తిరస్కారములోనే సర్వరు అప్పటికప్పుడు పుట్టించిన ఒక పదమును పంపును. యంత్రము దానిని తన సంకేతపదముతో కలిపి, ఒక లెక్క వేసి, ముప్పదిరెండు గుర్తుల ఫలితమును తిరిగి పంపును. సర్వరు తనవద్దనున్న సంకేతపదముతో అదే లెక్కను వేసి చూచుకొనును. రెండును సరిపోయినచో 200 అను అంకెతో "సరే" యనును.

సుందరకాండలో సీతాదేవి ఆంజనేయునకు చూడామణితో పాటు కాకాసుర వృత్తాంతమును గూడ ఆనవాలుగా చెప్పి పంపెను. ఆ కథ దంపతులిద్దరికి తప్ప అన్యులకు తెలియదు గనుకనే అది ఆనవాలైనది. సిప్ మర్యాదయు ఆ కోవలోనిదే. కాని ఒక భేదము. అమ్మవారు రహస్యమునే చెప్పి పంపవలసివచ్చినది. త్రోవలో పొంచియున్నవాడెవడైన వినియుండినచో ఆనవాలు వానిపాలగును. ఇచ్చట రహస్యము దాటదు. రహస్యముతో చేసిన లెక్క మాత్రమే దాటును. విసరిన పిండినుండి గింజను మరల చేయలేనట్లు ఆ ఫలితమునుండి సంకేతపదమును తిరిగి తీయుట కష్టము. పైగా పదము మారినచో పిండియు మారును, నిన్నటి ఫలితము నేడు చెల్లదు. కాలక్రమమున ఆ పాత తిరుగలి బలహీనమని తేలుటచేత 2020లో గట్టివైన క్రొత్త లెక్కలను సిప్ నియమములలో చేర్చిరి.

రిజిస్టరు ఉంచువాని చేతిలో ఎంత అధికారమున్నదో తెలుపు పాత కథ ఒకటి కలదు. అమెరికాలోని కాన్సాస్ సిటీ పట్టణమున ఆల్మన్ స్ట్రోజర్ అను శవసంస్కార వర్తకుడుండెను. ఆ దినములలో పిలుపులను కలుపుట ఎక్స్ఛేంజిలోని మనిషి పని. తన కొరకు వచ్చిన పిలుపులను అచటివారు పోటీ వర్తకునకు మరలించుచున్నారని స్ట్రోజరునకు అనుమానము కలిగెననియు, ఆ కోపముతోనే మనిషి లేకుండ తానే పిలుపులను కలుపు యంత్రమును కనిపెట్టెననియు చెప్పుకొందురు. అనుమానము మాట ఎట్లున్నను, 1891లో అతనికి పేటెంటు వచ్చినమాట నిజము. మనిషిని తొలగించినంత మాత్రమున రిజిస్టరు తొలగునా? అది ఇప్పుడు సర్వరులో ఉన్నది. 214కు ఎదుట ఏ చిరునామా వ్రాసియున్నదో అచటనే గంట మ్రోగును. ఆ వ్రాత నిజమో కాదో పిలిచినవానికి తెలియు మార్గము లేదు.

రిజిస్టరులో చోటు దొరికిన పిదప తెరపై నంబరు కనబడును. రిసీవరు ఎత్తినచో అలవాటైన ధ్వని వినబడును. పూర్వము ఆ ధ్వని ఎక్స్ఛేంజినుండి వచ్చెడిది. వినబడినదన్నచో తీగ బాగున్నదనుటకు అదే సాక్ష్యము. ఇప్పుడా ధ్వనిని టెలిఫోను తనలో తానే పుట్టించుచున్నది. వినువానికి అలవాటు తప్పకుండుటకే ఆ ఏర్పాటు. అది వినబడినంత మాత్రమున త్రోవ అంతయు సుగమమని తలచరాదు. పిలుపు కలిసిన తరువాత మాట పోవు విధము వేరు ప్రసంగమునకు చాలినంత కలదు. క్లుప్తముగా, సామాన్య పద్ధతిలో ధ్వనిని సెకండునకు 8000 మార్లు కొలిచి, ఆ కొలతలను సెకండునకు 50 పొట్లములుగా కట్టి పంపును.

నగరములో కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ వ్యవహారమంతయు ఒక్కసారిగా జరుగును. అయిదువందల టెలిఫోనులు ఒకే క్షణమున లేచి ఒకే అధికారి ముందు దండోరా వేసినచో అతడెవరికి జవాబు చెప్పగలడు? అందుచేత ప్రతి యంత్రమును లేవగానే ఒక సెకండునుండి పది సెకండ్లలోపల తనకు తోచినంత సేపు ఊరకుండి ఆ పిమ్మట అడుగవలెనని నియమములో వ్రాసిరి. రేషను దుకాణమువద్ద ఈ బుద్ధి కలిగినచో తొక్కిసలాట ఉండదు.

కరెంటు పోయినప్పుడు మాత్రము పాతదానికి క్రొత్తది సాటిరాదు. స్విచ్చికి వెనుక బ్యాటరీ లేనిచో ఆ అంతస్తులోని టెలిఫోనులన్నియు ఒక్కసారిగా చచ్చును. నిప్పంటుకొన్నప్పుడును, వానలు ముంచెత్తినప్పుడును కరెంటు పోవుటయు, సహాయమును పిలువవలసివచ్చుటయు కలిసియే వచ్చును. సర్వరులకు బ్యాటరీ పెట్టి, వరండాలోని స్విచ్చి పెట్టెకు పెట్టుట మరచిన చోట్ల సర్వరు మేలుకొనియే యుండును, దానితో మాటలాడుటకు టెలిఫోను ఒక్కటియు ఉండదు.

యంత్రమును ఒక ఊరినుండి మరియొక ఊరికి మార్చినప్పుడు మరియొక విపరీతము జరుగును. సర్వరునకు దారి దొరికినచో హైదరాబాదు నంబరు గల టెలిఫోను విశాఖపట్టణములోను అదే నంబరుతో లేచి కూర్చుండును. పలుకరింపునకు ఇది సౌకర్యమే. కాని ఆపదలో పిలిచినచో రిజిస్టరులో వ్రాసియున్న పాత చిరునామాకు సహాయము బయలుదేరవచ్చును. యంత్రము ఎచట నున్నదో యంత్రమునకు తెలియదు. ఎవరో ఒకరు పోయి రిజిస్టరులో అంతస్తు, గది సహితముగా దిద్దవలసినదే. అమెరికాలో 2018 నాటి మరియొక శాసనము ఇట్టి వివరములు పిలుపుతో పాటు రక్షకులకు అందవలెనని విధించినది.

రిజిస్టరులో పేరు ఎక్కుటయు కౌలువంటిదియే. సాధారణముగా గంటసేపు, అనగా 3600 సెకండ్లు చెల్లును. గడువునకు ముందే యంత్రము మరల విన్నవించుకొని పొడిగించుకొనును. అకస్మాత్తుగా తీగ ఊడినచో దానికి సెలవు చెప్పుకొను అవకాశముండదు. సర్వరు రిజిస్టరులో 214 ఎదుట పాత చిరునామా అట్లే ఉండును. ఆ సమయమున ఎవరైన 214ను పిలిచినచో సర్వరు ఆ చిరునామాకే పిలుపును పంపును; జవాబు రాదు; మరల పంపును; అర సెకండు, ఒక సెకండు, రెండు సెకండ్లు, ఇట్లు ఎడమును రెట్టింపు చేయుచు పంపుచునే యుండును. నియమము ప్రకారము 32 సెకండ్లు గడచిన పిమ్మట గాని, అచట ఎవరును లేరని నిశ్చయించుకొనదు. అంతవరకును పిలిచినవాడు రిసీవరును చెవియొద్ద పెట్టుకొని నిలిచియుండును.